ఎంజీబీ వెనుక దీపం కింద పూడ్చేసిన అతుకును మళ్లీ తెరవవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఇంగ్లండ్‌లో 1967 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే ఎంజీ కంపెనీవారి పైకప్పు లేని చిన్న కారు, కొన్నారు. వెనుక దీపాల నుంచి కిందికి దిగే అతుకు కనబడకుండా ఎవరో పుట్టీ పెట్టి నున్నగా రంగు వేశారు. దాన్ని తెరవాలా, అలాగే వదిలేయాలా, తెరిస్తే మిగతా రేకుల పాత ఆనవాళ్లను ఎలా తిరిగి తేవాలి అన్నది మీ సందేహం. తప్పకుండా తెరవండి. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఉంటూ, అదే కాలపు బండిని నాలుగేళ్లపాటు సెలవు రోజుల్లో బాగు చేసుకున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

1962లో మొదలైన ఈ బండి షెల్‌ను, అంటే రేకు ఒడలిని, స్విండన్‌లోని ప్రెస్డ్ స్టీల్ కర్మాగారంలో విడివిడి రేకులను స్పాట్ వెల్డింగ్‌తో (చుక్కలు చుక్కలుగా అతికే పద్ధతితో) కలిపి తయారు చేసేవారు. దాన్ని అబింగ్డన్‌లోని ఎంజీ కర్మాగారంలో బండిగా కూర్చేవారు. కొన్ని అతుకులను అప్పుడే సీసంతో నింపి కప్పేశారు, కొన్నింటిని గీతలుగానే వదిలేశారు. దీపం కింది అతుకు వదిలేసిన వాటిలోది. బండి కదిలినప్పుడల్లా అక్కడ కలిసే రెండు రేకులూ కొద్దిగా కదులుతాయి, గట్టిపడిన పుట్టీ మాత్రం కదలదు. నా బండిలో దీపం విప్పి చూస్తే, రబ్బరు గాస్కెట్ మరుగున అతుకు పై చివర ఒక అంగుళం మేర అసలు రూపంలోనే ఉంది. దాని కింద పుట్టీ మీద వెంట్రుకంత పగులు. ఆ పగుల్లో గోరు పెట్టి లాగితే బిళ్లంత పెచ్చు ఊడి వచ్చింది, దాని వెనుక తడిసిన తుప్పు కనిపించింది. పైకి అద్దంలా మెరుస్తున్న చోట లోపల నీరు నిలిచి రేకును తింటోంది.

పుట్టీ తీయడానికి గ్రైండర్ పట్టవద్దు. అది పుట్టీతో పాటు రేకు అంచునూ అరగదీస్తుంది, ఆ అంచు పోతే అతుకు గీత మళ్లీ సూటిగా రాదు. హీట్ గన్‌తో వేడి చేస్తే పుట్టీ మెత్తబడి సన్నటి స్క్రేపర్‌కు లేస్తుంది; మూతికి మాస్కు తప్పనిసరి. నాకు ఆ పని చేస్తుండగా నాలుగు రంగుల పొరల కింద టార్టాన్ రెడ్ అనే అసలు ఎరుపు రంగు బయటపడింది. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం, బండి కర్మాగారం నుంచి ఎలా వచ్చిందో తెలుపుతూ ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌లో ఉన్న రంగు కూడా అదే కావడంతో ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మీరు ముందుగా ఆ సర్టిఫికెట్ తెప్పించుకోండి.

అంచు తుప్పు తినేసి ఉంటే ఆ మేరకు కోసి కొత్త ముక్క వేయాలి. వీలైతే స్పాట్ వెల్డర్ అద్దెకు తెచ్చుకోండి, ఎందుకంటే అసలు బండిలో అంచు పొడవునా కనిపించే చిన్న గుండ్రటి నొక్కులు దానితోనే వస్తాయి. వాటి మధ్య దూరాన్ని పుస్తకాల్లో వెతకనవసరం లేదు. మీ బండిలోనే ఎవరూ ముట్టని అంచు ఒకటి చూసి కొలవండి. నేను మొదట మిగ్ వెల్డింగ్‌తో (తీగను కరిగించి అతికే పద్ధతితో) ఏకబిగిన అతకబోయి వేడికి వింగ్ రేకును, అంటే చక్రం మీది పక్క రేకును, అలల్లా ముడుచుకుపోయేలా చేశాను, దాన్ని సుత్తితో, వెనుక ఆనించే డాలీ అనే ఇనుప దిమ్మతో సర్దడానికి మూడు వారాంతాలు పట్టింది.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసినవి సిల్‌లు, అంటే తలుపుల కింద పొడవుగా సాగే పెట్టెలాంటి భాగాలు. పైకప్పు లేని ఈ బండికి బలమంతా అక్కడే ఉంది. బయటి రేకు, మధ్య పొర, లోపలి రేకు, అడుగున క్యాజిల్ రైల్ అనే మడతల పట్టీ కలిసి ఒక సిల్ అవుతుంది. బయటి రేకు చివరలు ముందు, వెనుక వింగ్‌ల కిందికి చొచ్చుకుపోతాయి. తుప్పు పట్టిన సిల్ మీద కొత్త రేకు కప్పి, వింగ్ అంచు దగ్గరే ఆపేసిన బండ్లు చాలా కనిపిస్తాయి. నేను కొన్నదీ అలాంటిదే, ఆ పని చేసిన గ్యారేజీ బిల్లులో మాత్రం సిల్ పూర్తిగా మార్చినట్టు ఉంది. మీ బండిలోనూ అలాగే ఉంటే, కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి బిగించండి, ఒకసారికి ఒక వైపు సిల్ మాత్రమే తెరవండి, తుది వెల్డింగ్‌కు ముందు తలుపు తగిలించి చుట్టూ సందు సమంగా ఉందో లేదో చూడండి. షెల్ ఒక్కసారి మధ్యలో కుంగి, ఆ కుంగుతోనే వెల్డ్ అయిపోతే ఆ తలుపు ఇక సరిగ్గా మూసుకోదు.

కర్మాగారంలో సీసంతో నింపిన చోట్ల మళ్లీ సీసమే వాడమని నా సలహా. డెబ్బై పాళ్లు సీసం, ముప్పై పాళ్లు తగరం కలిసిన కడ్డీ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలుపెట్టి, పూర్తిగా కరగడానికి ఇంకా వేడి కావాలి; ఆ మధ్య అది వెన్నలా ఉన్నప్పుడు, మైనం పూసిన చెక్క బద్దతో సర్దాలి. రేకుకు ముందుగా తగరం పూత పట్టించకపోతే సీసం అంటదు, పని అయ్యాక ఫ్లక్స్‌ను (తగరం పట్టడానికి రేకుకు పూసే రసాయనాన్ని) బాగా కడగకపోతే రంగు బుడగలు తేలుతుంది. చదును చేయడానికి బాడీ ఆకురాయి మాత్రమే వాడండి. మెషీన్ పెడితే సీసం ధూళి ఇంటిల్లిపాదికీ ప్రమాదం.

మిగతావి చిన్నవే. 1967 బండికి బానెట్ అల్యూమినియంది ఉండాలి, అయస్కాంతం అంటుకుంటే అది తర్వాత మార్చినది. తలుపు ముందు మూలన ఉండే చిన్న కిటికీ అద్దం అడుగున రేకులో పగులు ఉంటే వెల్డ్ చేయించండి. ఈ బండ్లకు అది మామూలు జబ్బు. కొత్త వింగ్ వేస్తే పక్కన మెరిసే పట్టీకి రంధ్రాలు ఉండకపోవచ్చు, కాబట్టి పాత వింగ్‌ను పారేయకముందే వాటి చోట్లను కాగితం మీద అచ్చు తీసుకోండి.

చివరగా అతుకులోకి సీలర్‌ను సన్నటి కుంచెతో, గీత పూడిపోకుండా, నీరు చొరకుండా ఉండేంతే పూసి పైన రంగు వేయండి. పుట్టీ తీశాక, ప్రైమర్ వేయకముందే ఒక ఫోటో పెడితే, అంచు ఎంత మిగిలిందో చూసి ముక్క వేయాలో వద్దో చెప్పగలను.