ఎంపీసీ చదివిన అమ్మాయి హరప్పా తవ్వకాలంటోంది: ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయింది. మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఇంజనీరింగ్ వద్దంటోంది. హరప్పా, మెసొపొటేమియా లాంటి పాత నాగరికతల గురించి చదువుతానని, తవ్వకాల్లో పనిచేస్తానని పట్టుబట్టింది. ఇప్పుడు బీఏలో చేర్పిస్తే ఎంపీసీ చదువు వృథా కాదా? ఉద్యోగాలుంటాయా? మాది మధ్యతరగతి కుటుంబం. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఎంపీసీ సంగతి చూద్దాం. అది వృథా కాదు సరికదా, ఈ రంగంలో మీ అమ్మాయికి పనికొచ్చే పెట్టుబడి అదే. సింధు నాగరికత గురించి ఈ మధ్య తేలిన పెద్ద విషయాలు చాలావరకు ల్యాబుల్లో తేలినవే.

ఒక ఉదాహరణ చూడండి. రాజస్థాన్‌లోని కాలీబంగన్ లాంటి హరప్పా ఊళ్ళు ఘగ్గర్ నది పాత పాయ వెంట ఉన్నాయి. హిమాలయాల నీళ్ళతో పెద్ద నది అక్కడ పారుతున్నప్పుడే ఆ ఊళ్ళు వెలిశాయని చాలాకాలం అనుకున్నారు. పాయ అడుగున ఉన్న ఇసుక రేణువులు చివరిసారిగా ఎండ చూసింది ఎప్పుడో కొలిచే పద్ధతి ఒకటుంది. ఐఐటీ కాన్పూర్, లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు దాన్ని వాడి, సట్లెజ్ నది ఆ ఊళ్ళు వెలియడానికి ఎంతో ముందే, సుమారు 8,000 ఏళ్ళ కిందటే ఆ పాయను వదిలి పక్కకు జరిగిపోయిందని 2017లో ప్రకటించారు. అంటే పెద్ద నది పొంగు భయం లేని పాత లోయలో ఆ ఊళ్ళు కుదురుకున్నాయన్నమాట. ఆ కొలత వెనక ఉన్నది ఫిజిక్సు, జియాలజీ.

ఇంకొకటి, హర్యానాలోని రాఖీగఢీ. అక్కడి అస్థిపంజరాల నుంచి అరవైకి పైగా నమూనాలు తీసి పరీక్షిస్తే, చదవడానికి సరిపడా డీఎన్ఏ ఒకే ఒక్క స్త్రీ ఎముకలో దొరికింది. మన ఎండకు, తేమకు డీఎన్ఏ నిలవదు. ఆ ఫలితం 2019లో వచ్చింది. పాత ఎముకల డీఎన్ఏ మీద హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కూడా పని జరిగింది. హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు అస్థిపంజరాల పరిశోధనలో ఆ సంస్థది ముఖ్యమైన పాత్ర.

కాబట్టి ‘హిస్టరీయా, సైన్సా’ అని అడగకండి. ‘ఏ పని’ అని అడగండి.

మీ అమ్మాయి మనసు తవ్వకం మీద ఉందంటున్నారు. ఆ పని ఎలా ఉంటుందో ఆమెకు ముందే తెలియాలి. పాత ఊరు పూడిపోయిన దిబ్బ మీద సాధారణంగా 10 మీటర్ల చదరపు గళ్ళు గీస్తారు. గడికీ గడికీ మధ్య మీటరు వెడల్పున మట్టి గోడ వదిలేస్తారు. మట్టి పొరలు ఏ వరుసలో పడ్డాయో ఆ గోడ అంచులో కనిపిస్తుంది. తాపీతో కొద్దికొద్దిగా గీకుతూ, మట్టి రంగు మారినచోటల్లా ఆగి, కొత్త పొరకు కొత్త నంబరు ఇస్తూ దిగుతారు. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది గుంతల దగ్గర. తర్వాతి కాలం వాళ్ళు చెత్త కోసమో ధాన్యం కోసమో తవ్విన గుంత కింది పొరల్లోకి దిగి ఉంటుంది. దాని అంచు గుర్తుపట్టకపోతే, వెయ్యేళ్ళ తర్వాతి కుండపెంకు పాత పొర సంచిలో పడుతుంది. ఆ పొరకు కట్టిన కాలమంతా తప్పవుతుంది. మధ్యాహ్నం నుంచి పెంకులు కడగడం, ఒక్కోదాని మీద నంబరు రాయడం, అంచు ముక్కలకు కొలతలతో బొమ్మ గీయడం ఉంటుంది. సీజన్ చలికాలంలో మొదలై ఎండలు ముదిరేలోపు అయిపోతుంది. మిగతా నెలలన్నీ రిపోర్టు పనే. గుడారంలో నెలల తరబడి ఉండాలి. ఇది కష్టమనిపిస్తే ల్యాబు దారి, మ్యూజియం దారి ఎలాగూ ఉన్నాయి.

ఇక డిగ్రీ. మీ అమ్మాయికి నేను మొదట సూచించేది జియాలజీ ఉన్న బీఎస్సీ. అది దొరక్కపోతే హిస్టరీతో బీఏ. జియాలజీ మన రాష్ట్రాల్లో కొన్ని కాలేజీల్లోనే ఉంది. అసలు నిర్ణయం జరిగేది పీజీ దగ్గర. భారత పురావస్తు సర్వే సంస్థ, అంటే ఏఎస్ఐ, పోస్టులకు సాధారణంగా ఆర్కియాలజీలో గానీ, ప్రాచీన భారత చరిత్రలో గానీ, ఆంత్రోపాలజీలో గానీ, జియాలజీలో గానీ పీజీ అడుగుతారు. వీటిలో ఏదీ కాని పీజీ చేసి, తర్వాత నోటిఫికేషన్ చూసి తల పట్టుకునేవాళ్ళు ఉన్నారు. పీజీలో చేరేముందే పాత నోటిఫికేషన్లు రెండు మూడు తీసి అర్హతల పేరా అక్షరం అక్షరం చదవండి.

ఎంఏ ఆర్కియాలజీకి పుణెలోని డెక్కన్ కాలేజీ ముందు వరుసలో ఉంటుంది. రాఖీగఢీలో పైన చెప్పిన అస్థిపంజరాన్ని తవ్వి తీసింది ఆ సంస్థ బృందమే. వడోదర ఎంఎస్ యూనివర్సిటీకి గుజరాత్ హరప్పా స్థలాల మీద పట్టుంది. బనారస్ హిందూ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ ఎంట్రన్స్ రాయాలి. దగ్గర్లో కావాలంటే ఉస్మానియాలో, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, ఆర్కియాలజీ విభాగాలున్నాయి. చేరేముందు ఒక్కటే అడగండి: గత మూడేళ్ళలో విద్యార్థులను ఏ తవ్వకానికి తీసుకెళ్ళారు? జవాబు నీళ్ళు నమిలినట్టుంటే ఆ సీటు వద్దు.

పీజీ తర్వాత గ్రేటర్ నోయిడాలో ఏఎస్ఐ నడిపే విద్యాసంస్థలో రెండేళ్ళ పీజీ డిప్లొమా ఉంది. సీట్లు చాలా తక్కువ, ఎంట్రన్స్ ఉంటుంది. ఏఎస్ఐలో అడుగుపెట్టడానికి అదే దగ్గరి దారి. యూపీఎస్సీ భర్తీ చేసే డిప్యూటీ సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్ట్ పోస్టు జీతాల పట్టికలో లెవెల్ 10, మూల వేతనం నెలకు 56,100. దానికి పీజీతో పాటు ఆ డిప్లొమా గానీ, ఫీల్డ్ అనుభవం గానీ అడుగుతారు. అందుకే విద్యార్థి దశలో చేసిన ప్రతి తవ్వకానికీ తేదీలతో సర్టిఫికెట్ తీసుకుని దాచుకోవాలి. ఐదేళ్ళ తర్వాత వెళ్ళి అడిగితే ఇచ్చేవాళ్ళు అక్కడ ఉండకపోవచ్చు.

డబ్బు లెక్క దాచకుండా చెబుతాను. డిగ్రీ మూడేళ్ళు, పీజీ రెండు, డిప్లొమా రెండు: అంటే ఆమెకు పాతికేళ్ళు వచ్చేదాకా సరైన జీతం చూడరు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఏటా రావు. రాష్ట్ర పురావస్తు శాఖల్లో ఖాళీలు మరీ అరుదు. మధ్యలో ఆదుకునేది యూజీసీ నెట్ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం. పీజీ రెండో ఏడాదిలోనే నెట్ రాయించండి. ఇన్నేళ్ళు ఇంటి నుంచి ఖర్చు భరించలేని పరిస్థితి ఉంటే ఆ మాట ఇప్పుడే ఆమెతో చెప్పండి. పీజీ మధ్యలో చెబితే అటూ ఇటూ కాకుండా పోతుంది.

ఈ చదువు సివిల్స్ వైపు కూడా ఉపయోగపడుతుంది. హిస్టరీ ఆప్షనల్ మొదటి పేపర్లో మ్యాపు ప్రశ్నకు 50 మార్కులు: 20 స్థలాలు, ఒక్కోదానికి రెండున్నర. ధోలావీరాను కచ్ ప్రధాన భూభాగంలో పెట్టేసేవాళ్ళు చాలామంది. అది రణ్ అనే ఉప్పునేల మధ్యలో, ఖదీర్ అనే ద్వీపం మీద ఉంది. లోథల్‌ను సముద్రపు ఒడ్డునే పెడతారు. అది కాస్త లోపలికి, సబర్మతికి ఉపనది అయిన భోగావో దగ్గర ఉంది.

ఆమె మనసు మెసొపొటేమియా వైపే ఎక్కువగా ఉంటే దారి వేరు. అక్కడ చదవడానికి మట్టి పలకలు లక్షల్లో ఉన్నాయి. క్రీ.పూ. 2334 ప్రాంతంలో గద్దెనెక్కిన సార్గాన్ రాజు తన అక్కడ్ నగరపు రేవులో మెలుహ్హా ఓడలు ఆగాయని గొప్పగా రాయించుకున్నాడు. మెలుహ్హా అంటే సింధు ప్రాంతమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ పలకలు చదవాలంటే అక్కడియన్, సుమేరియన్ భాషలు రావాలి. వాటికి మన దేశంలో పూర్తిస్థాయి డిగ్రీ దొరకడం కష్టం. షికాగో, లైడెన్, హైడెల్‌బర్గ్ లాంటి చోట్లకు వెళ్ళాలి. ఇంగ్లిష్‌తో పాటు జర్మన్, ఫ్రెంచ్ చదవగలగాలి. స్కాలర్‌షిప్ లేకుండా, అప్పు చేసి ఈ దారిలో వెళ్ళొద్దు.

సింధు లిపి చదివేస్తాననే ఉత్సాహం ఉంటే కొంచెం ఆపండి. 400 పైచిలుకు గుర్తులున్నాయి, ఒక్కో ముద్ర మీద సగటున ఐదే ఉంటాయి, అదే విషయం పక్కన తెలిసిన భాషలో కూడా రాసి ఉన్నది ఒక్కటి కూడా దొరకలేదు. మెసొపొటేమియా లిపిని చదవగలిగారంటే ఇరాన్‌లోని బెహిస్తున్ కొండ మీద ఒకే విషయం మూడు భాషల్లో చెక్కి ఉండటం వల్లే. తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో సింధు లిపి చదివినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. బహుమతి కోసం ప్రయత్నించవచ్చు గానీ దాన్ని కెరీర్ అనుకోవద్దు. లిపుల మీదే ఇష్టం ఉంటే బ్రాహ్మి, పాత తెలుగు, సంస్కృత శాసనాలు నేర్చుకోమనండి. ఏఎస్ఐ శాసన విభాగం మైసూరులో ఉంది.

తెలుగు నేల మీద హరప్పా నగరాలు లేవు. హరప్పా తవ్వాలంటే గుజరాత్, హర్యానా, రాజస్థాన్ వెళ్ళాల్సిందే, హిందీ మాట్లాడాల్సిందే. అయితే నేర్చుకోవడానికి ఇక్కడ లోటు లేదు. సింధు నగరాల కాలానికి దగ్గరగా మన పాలమూరు వైపు పశువుల కాపర్లు పేడ కాల్చిన బూడిద దిబ్బలు మిగిల్చారు. ఉట్నూరు దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వాడు.

కాలేజీలో చేరేలోపు ఆమెతో రెండు పనులు చేయించండి. క్యూజీఐఎస్ అనే, మ్యాపులు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని పాతిక హరప్పా స్థలాలను నదుల మ్యాపు మీద పెట్టమనండి. గ్రంథాలయం నుంచి ఒక తవ్వకం రిపోర్టు తెచ్చి, కుండపెంకుల అధ్యాయం మొత్తం చదవమనండి. బొమ్మలు, వీడియోలు చూసి పుట్టిన ఇష్టం ఆ అధ్యాయంతో తేలిపోతుంది. ఆ తర్వాత కూడా అడుగుతుంటే బీఎస్సీ ఫారం నింపండి. సీటు ఖాయం చేసుకునేముందు మీరే ఆ కాలేజీకి వెళ్ళి, జియాలజీకి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారో లేదో, ఈ ఏడాది ఫీల్డ్ ట్రిప్ వేశారో లేదో సీనియర్లను అడిగి రండి.