ఫిబ్రవరి సగమైంది, ఒక్క మెయిలూ రాలేదు. అన్నీ పోయినట్టేనా?

"అమెరికాలో పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీకి ఏడు చోట్ల అప్లై చేశాను. ఫిబ్రవరి సగమైనా ఎక్కడి నుంచీ ఉలుకూ పలుకూ లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు, ఏం చేయాలి?" అని అడిగారు.

పోలేదండీ. ఒకవేళ పోయినా పోయిందని అప్పుడే చెప్పరు, అసలు బాధ అదే. సీటు ఇవ్వాలనుకున్నవాళ్ళకి ముందు చెప్తారు, తర్వాత వెయిట్‌లిస్టు వాళ్ళకి చెప్తారు, వద్దనుకున్నవాళ్ళకి తీరిగ్గా మార్చిలోనో ఏప్రిల్‌లోనో చెప్తారు. జనవరి ఆఖరు నుంచి మార్చి మధ్య దాకా మెయిళ్ళు విడతలు విడతలుగా వస్తూనే ఉంటాయి. ఫిబ్రవరి 15కే ఏడవడం తొందరపాటు. మార్చి 20 దాటాక ఏడవండి. నేను అప్పుడే మొదలుపెట్టాను.

నిద్ర సంగతి ఎత్తారు గనక నా గోడు చెప్తాను.

మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం, ఇస్కపల్లి వైపు. నాన్న రొయ్యలు వేస్తాడు. మూడు గుంటలు, అందులో రెండు కౌలువి. 2023 డిసెంబరులో నేను 8 యూనివర్సిటీలకు పెట్టాను. ఒక్కోదానికి 75 నుంచి 100 డాలర్ల దాకా ఫీజు, మొత్తం మన రూపాయల్లో 60,000 దాటింది. గడువులన్నీ డిసెంబరు మొదటి రెండు వారాల్లోనే. సరిగ్గా అప్పుడే మిచౌంగ్ తుఫాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా వైపు కరెంటు లేదు, నెట్టు లేదు. లాప్‌టాప్‌ను పాలిథిన్ కవర్లో చుట్టుకుని కావలిలో పిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళి రెండు అప్లికేషన్లు పంపాను. ఆ వానలకే నాన్న గుంటల్లో రొయ్య పిల్ల వదలడం జనవరికి వాయిదా పడింది. అలా ఆ ఏడాది ఇంట్లో ఇద్దరం ఒకేసారి డబ్బు పెట్టి కూర్చున్నాం.

ఇప్పుడు టైము లెక్క చూడండి. అమెరికా తూర్పు వైపు ఆఫీసు పొద్దున తొమ్మిదికి తెరిస్తే మనకి రాత్రి ఏడున్నర. వాళ్ళు సాయంత్రం ఐదుకి తలుపులు వేసేసరికి మనకి తెల్లవారుజామున మూడున్నర. అంటే మన బతుకు తేల్చే మెయిల్ ఏదైనా మనం పడుకునే వేళకే వస్తుంది. రొయ్యల గుంట కూడా అంతే. నీళ్ళలో పచ్చదనం పగలంతా ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయ్యేసరికి అదే పీల్చేసుకుంటుంది. రెండు దాటాక ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలడం మొదలుపెడుతుంది. ఆ వేళలో ఏరియేటర్లు, అంటే నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రాలు, ఆగాయంటే పంట పోయినట్టే. అందుకే నాన్న ఒంటిగంట నుంచి తెల్లారేదాకా గట్టు మీదే. ఇంట్లో పడుకుని నేను ఫోను పైకీ కిందకీ లాగుతుంటే అమ్మకి చిరాకు. "ఆ లైటు ఆపుతావా, లేచి పోతావా?" అంది ఒకరోజు. లేచి పోయాను. అప్పటినుంచి నేనూ గట్టు మీదికే.

ఫిబ్రవరి మూడో వారంలో ఒక రాత్రి, రెండూ పది అయివుంటుంది, కరెంటు పోయింది. ఏరియేటర్లు ఒక్కొక్కటిగా నిదానించి ఆగిపోయాయి. అన్ని రోజులూ ఆ చప్పుడులో ఉన్నవాళ్ళకి అది ఆగడం ఎలా ఉంటుందో నేను రాయలేను. జనరేటర్ తిప్పితే అంటుకోలేదు. డీజిల్ పైపులో గాలి పట్టింది. నాన్న టార్చి చూస్తే చార్జింగ్ లేదు. నా ఫోను లైటు వేసి పట్టుకున్నాను. ఆయన నట్టు వదులు చేసి చేత్తో పంపు కొడుతుంటే నురగ నురగగా డీజిల్ వస్తోంది. సరిగ్గా అప్పుడు చేతిలో ఫోను వణికింది. కళ్ళు అటు పోయాయి. నేను నాలుగో నంబరుగా రాసుకున్న యూనివర్సిటీ పేరు కనబడింది. నా చెయ్యి కూడా వణికిందేమో, వెలుగు పక్కకి జరిగింది.

"కదల్చబాక పాపా. ఇటు పెట్టు లైటు."

పెట్టాను. ఇరవై నిమిషాలు! మెయిల్ చేతిలోనే ఉంది, వెలుగు డీజిల్ పైపు మీద ఉంది. నురగ పోయి డీజిల్ తిన్నగా వచ్చాక జనరేటర్ అంటుకుంది, ఏరియేటర్లు తిరిగాయి. నాన్న గట్టు చుట్టూ ఒకసారి నడిచి, వంగి నీళ్ళు చూసి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు తెరిచాను. అందులో ఏముందో తెలుసా? "మీ అప్లికేషన్ స్థితిలో మార్పు జరిగింది, పోర్టల్‌లో చూసుకోండి" అని. అంతే. ఇదేం పద్ధతండీ? ఉందో లేదో ఆ మెయిల్లోనే ఒక ముక్క రాస్తే ఏం పోతుంది? ఎనిమిది పోర్టళ్ళు, ఎనిమిది పాస్‌వర్డులు, ఒకదానికి పెద్దక్షరం కావాలి, ఇంకోదానికి గుర్తు కావాలి. మూడుసార్లు తప్పు కొట్టి, పాస్‌వర్డు మార్చుకుని, సిగ్నల్ కోసం కల్వర్టు దాకా నడిచి చూస్తే, చాలామంది ప్రతిభావంతులు అప్లై చేశారట, విచారిస్తున్నారట.

తిరిగి వచ్చాక నాన్న అడిగాడు, "ఏమంటారు?"

"కుదరదన్నారు."

కాసేపు ఆగి, "ఫీజు తిరిగిస్తారా?"

"ఇవ్వరు నాన్నా."

"ఇయ్యరా? మరి ఆ మాట చెప్పడానికి మూడు నెలలెందుకంట?"

ఈ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు అమెరికాలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను, అడ్మిషన్ల పని దగ్గర్నుంచి చూశాను. వందల్లో వచ్చే అప్లికేషన్లను నలుగురైదుగురు ప్రొఫెసర్లు పాఠాలు చెప్పుకుంటూ చదువుతారు. చేరేది పది పదిహేను మంది. అదీ ఎవరు ఏ అంశం మీద పనిచేయించగలరో, స్టైపెండుకి ఎంత డబ్బుందో చూసుకుని. 2025లో నిధుల కోతల వల్ల కొన్ని చోట్ల సీట్లే తగ్గించారు. కాబట్టి రాకపోతే మీ తెలివి తక్కువనుకోకండి. నాకు నాలుగో నంబరు యూనివర్సిటీ ఎందుకు వద్దందో ఆ తర్వాత అర్థమైంది. నా అంశం మీద పనిచేసేవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. అప్లై చేసేముందే చూసుకోవాల్సింది, నాదే బుద్ధి తక్కువ.

నా అంశం మా జిల్లాదే. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబడిలో చదువుకుంటూ 1992లో సారా దుకాణం మీదికి నడిచిన సంగతి. వర్ధినేని రోశమ్మ పేరు మా వైపు తెలియనివాళ్ళుండరు. అక్కడ మొదలైంది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది, 1994 ఎన్నికల్లో హామీ అయ్యింది, 1995లో మద్య నిషేధమైంది, మళ్ళీ రెండేళ్ళకే సడలిపోయింది. ఊరి ఆడవాళ్ళ కోపం పార్టీ హామీగా మారేటప్పుడు అందులో ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్నది నా ప్రశ్న. ఎస్‌ఓపీలో, అంటే ఏం చదవాలనుకుంటున్నామో ఎందుకో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసంలో, ఇదే రాశాను. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ ఆయన అది చదివి, "ఇవన్నీ ఎందుకమ్మా, డేటా అనలిటిక్స్ ఎంఎస్‌కి పెట్టు, నెలలో ఐ-20 తెప్పిస్తా" అన్నాడు. ఐ-20 అంటే వీసాకి కావాల్సిన యూనివర్సిటీ కాగితం. చాలాచోట్ల పీహెచ్‌డీకి ట్యూషన్ ఫీజు ఉండదు, వాళ్ళే ఐదేళ్ళు స్టైపెండు ఇస్తారంటే నమ్మలేదు. పైగా నన్ను జాలిగా చూశాడు. రికమెండేషన్ అడిగితే ఒక సార్ "నువ్వే రాసుకురా అమ్మా, సంతకం పెడతా" అన్నారు. అక్కడ సంతకాలు ఎవరిక్కావాలి? ఆయన కాలేజీ మెయిల్ నుంచి ఆయనే ఎక్కించాలి. ఆ మెయిల్ ఆయనెప్పుడూ తెరవలేదు.

ఇక చుట్టాలు. ఆ మార్చి 16న ఎన్నికల షెడ్యూల్ వచ్చింది, మే 13న పోలింగ్. ఊళ్ళో మైకుల మోత. నేను చదివింది పొలిటికల్ సైన్స్ గనక పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా రెండే ప్రశ్నలు: "వచ్చిందా?", "ఎవరొస్తారు?" రెంటికీ తెలీదనే చెప్పాను. "ఇంత చదివీ తెలీదా" అన్న మేనత్త ముఖం నాకు ఇంకా కళ్ళ ముందుంది. అందుకే చెప్తున్నా, ఎక్కడెక్కడ అప్లై చేశారో ఇంటి బయట ఎవరికీ చెప్పకండి. ఇంట్లో మాత్రం ఒకరికి అంతా చెప్పండి, ఫీజులతో సహా. ఇంకో మాట, ఎవరికి ఏ రోజు ఏ మెయిల్ వచ్చిందో ముక్కూ మొహం తెలియనివాళ్ళ లెక్కలు వెతుక్కుంటూ కూర్చోకండి. నేను చూశాను. చూసిన రోజు అన్నం తినలేదు, ఆ లెక్కల్లో ఒక్కటీ నాకు పనికి రాలేదు.

మార్చి ఆఖరుకి ఆరు చోట్ల కాదన్నారు, ఒకచోట వెయిట్‌లిస్టు, ఒకచోట నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మేలో, పోలింగ్ అయిపోయాక, కాదని తేలింది. వెయిట్‌లిస్టంటే మర్యాదగా వద్దనడమే అనుకునేదాన్ని, కాదు. డబ్బుతో సీటు ఇచ్చిన విద్యార్థిని ఏప్రిల్ 15 లోపే తేల్చమని బలవంతపెట్టకూడదని అక్కడి యూనివర్సిటీలు చాలావరకు ఒప్పందం చేసుకున్నాయి. నాలుగు సీట్లు చేతిలో పెట్టుకున్నవాళ్ళు ఆ చివరి వారంలోనే మూడు వదులుతారు. మీకు వెయిట్‌లిస్టు వస్తే, వస్తానని ఒక చిన్న మెయిల్ రాసి పెట్టండి. ఏమీ రాకపోతే మార్చి 20 తర్వాత అక్కడి కోఆర్డినేటర్‌కి రెండు వాక్యాలు రాయండి. ఒక్కసారే.

ఏప్రిల్ రెండో వారంలో రొయ్యలు పట్టేశాం. 60 కౌంటు వచ్చింది, అంటే కిలోకి అరవై రొయ్యలు. రేటు సంగతి అడక్కండి, అది ఇంకో ప్రశ్నకి జవాబు. గుంటలు ఖాళీ, ఏరియేటర్లు లేవు, గట్టు మీదికి పోయే పని లేదు. నాలుగు నెలల్లో మొదటిసారి ఇంటిల్లిపాదీ రాత్రంతా పడుకున్నాం. 13వ తేదీ తెల్లవారుజామున 1:40కి వచ్చిన మెయిల్‌ను నేను చూసింది ఏడింటికి, ఫోను చార్జింగ్ నుంచి తీస్తూ.

వసారాలో కాఫీ తాగుతున్న నాన్న దగ్గరికి వెళ్ళి ఫోను చూపించాను. కళ్ళజోడు లేకుండా దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇదన్నా ఇందులోనే రాశారా, మళ్ళీ పాస్‌వర్డు కావాల్నా?"