వారానికి 1,500 డాలర్ల ట్రావెల్ కాంట్రాక్టు: చేతిలో మిగిలేది ఎంత?

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 33. టెక్సాస్‌లోని డాలస్ దగ్గర ఒక క్లినిక్‌లో ఎల్‌వీఎన్‌గా (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు) పనిచేస్తున్నాను. గంటకు 28 డాలర్లు, వారానికి 40 గంటలు. గ్రీన్ కార్డు ఉంది, ఒక్కదాన్నే ఉంటున్నాను. నాన్నగారి బైపాస్ ఆపరేషన్ కోసం తెనాలిలో 9 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. ఏడాదిలో అది తీర్చేయాలని ఉంది. ఒక ఏజెన్సీ వాళ్లు న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో ఔట్‌పేషెంట్ క్లినిక్‌కు 13 వారాల ట్రావెల్ కాంట్రాక్టు (వేరే ఊరు వెళ్లి కొన్ని వారాలు చేసే నర్సు పని) ఇస్తామంటున్నారు. వారానికి 1,500 డాలర్లు. అందులో 800 జీతం, 700 బస, భోజనం ఖర్చులకు ఇచ్చే పన్ను లేని స్టైపెండ్. నవంబరు రెండో వారంలో చేరాలి. నేను 1,350 డాలర్ల అద్దె కట్టే అపార్ట్‌మెంట్ వదిలేసి, సామాను ఇక్కడికి దగ్గరే ఫ్రిస్కోలో అన్నయ్య ఇంట్లో పెట్టి, ఆ అడ్రసునే పర్మనెంట్ అడ్రసుగా రాస్తే చాలని రిక్రూటర్ చెబుతోంది. అందరూ అలాగే చేస్తారట. లీజు మాత్రం ఫిబ్రవరి చివరి దాకా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లొచ్చు. కానీ నవంబరులో వద్దు. రిక్రూటర్ చెప్పిన పద్ధతిలో అయితే అసలే వద్దు.

వారానికి 1,500 అనగానే మనసు దాన్ని 52తో గుణించి 78,000 చూసుకుంటుంది. ఇప్పుడు మీకు వచ్చేది 58,240. ఏడాదికి 20 వేలు ఎక్కువ, నాన్నగారి అప్పు తీరి ఇంకా మిగులుతుంది అనిపిస్తుంది. కానీ ట్రావెల్ నర్సుకు 52 వారాలు పని ఉండదు. ఒక కాంట్రాక్టు అయ్యాక ఇంకోటి దొరికే దాకా ఖాళీ, పేపర్లూ డ్రగ్ టెస్టులూ పూర్తయ్యే దాకా ఖాళీ, ఒంట్లో బాగా లేకపోతే చాలాచోట్ల జీతం లేదు. 44 వారాలు పని దొరికిందనుకుందాం, 66,000 అవుతుంది. వెళ్లిన చోట ఫర్నిచరున్న గదికి నెలకు 1,150 చొప్పున పది నెలలకు 11,500, ప్రయాణాలకు 2,500 వేసుకోండి. మొత్తం 14,000 ఖర్చు.

ఇప్పుడు 2025 పన్ను రేట్లతో మూడు లెక్కలు చూడండి. ఇక్కడే ఉంటే ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పోగా, అద్దె కట్టాక ఏడాదికి సుమారు 32,700 చేతిలో ఉంటుంది. డాలస్ అపార్ట్‌మెంట్ ఉంచుకుని, స్టైపెండ్ పన్ను లేకుండా తీసుకుని తిరిగితే రెండు అద్దెలూ పోగా మిగిలేది 31,000. అంటే ఇంటికి దూరంగా అంత కష్టపడి 1,700 నష్టపోతారు. ఇక మూడోది. అపార్ట్‌మెంట్ వదిలేసి, 1,500కు 1,500 మొత్తం జీతంగానే చూపించి, పన్ను అంతా కట్టేస్తే మిగిలేది 41,000 దాకా ఉంటుంది. పన్ను పూర్తిగా కట్టిన దారిలోనే మీకు ఎక్కువ మిగులుతోంది. స్టైపెండ్‌ను పన్ను లేకుండా ఉంచుకోవాలనే ఆరాటంలో చాలామంది నర్సులు ఈ లెక్క వేసి చూసుకోవడం లేదు. అది చూసి నాకు బాధగా ఉంటుంది.

రిక్రూటర్ చెప్పేది ఈ మూడింటిలో ఏదీ కాదు. ఇల్లు వదిలేసిన లాభం, పన్ను కట్టని లాభం రెండూ ఒకేసారి తీసుకోమంటోంది. చట్టం దానికి ఒప్పుకోదు. బస, భోజనం స్టైపెండ్ పన్ను లేకుండా రావాలంటే మీకు ‘ట్యాక్స్ హోమ్’, అంటే పన్ను లెక్కలో మీ స్థావరంగా చూసే ఊరు, ఉండాలి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ తన 463వ పబ్లికేషన్‌లో మూడు విషయాలు అడుగుతుంది. మీ సొంత ఊరి దగ్గర కొంతైనా పనిచేస్తున్నారా? బయట ఉన్నప్పుడు అక్కడి ఇంటి ఖర్చు, ఇక్కడి ఇంటి ఖర్చు రెండూ మోస్తున్నారా? ఆ ఊరితో సంబంధం తెంచుకోకుండా ఉన్నారా? మూడూ ఉంటే సరే. రెండుంటే పరిస్థితిని బట్టి చూస్తారు. ఒక్కటే ఉంటే మీకు ట్యాక్స్ హోమ్ లేనట్టే, ఎక్కడ పనిచేస్తే అదే మీ ఇల్లు, స్టైపెండ్ మొత్తానికీ పన్ను పడుతుంది. అన్నయ్య గ్యారేజీలో నాలుగు అట్టపెట్టెలు పెట్టి, రూపాయి అద్దె ఇవ్వకపోతే మీది ఆ చివరి కోవ.

అన్నయ్యకు మార్కెట్ రేటులో నెలకు 500 అద్దె నిజంగా ఇచ్చి, కాంట్రాక్టుల మధ్య డాలస్‌లో షిఫ్టులు చేస్తే కుదరదా అని మీరు అడగొచ్చు. కుదరవచ్చు. కానీ ఆ అద్దె పోగా మిగిలేది మళ్లీ ఆ 41,000 దగ్గరే ఆగుతుంది. దానికోసం ప్రతి నెలా రసీదులు దాచుకోవడం, తోబుట్టువుల మధ్య అద్దె నిజమేనని నిరూపించుకోవాల్సి వస్తుందేమోనన్న టెన్షన్ ఎందుకు?

ఏజెన్సీ ఇచ్చే ట్యాక్స్ హోమ్ ఫారం మీద సంతకం పెట్టేది మీరు, రిక్రూటర్ కాదు. మీ లెక్కలో దాచిన పన్ను ఏడాదికి 6,200 దాకా ఉంటుంది. పట్టుబడితే పన్ను, వడ్డీ, దాని మీద 20 శాతం పెనాల్టీ పడవచ్చు. మామూలుగా ఐఆర్‌ఎస్ మూడేళ్ల వెనక్కి చూస్తుంది. రిటర్న్‌లో చూపిన ఆదాయంలో నాలుగో వంతుకు మించి వదిలేస్తే ఆరేళ్లు. మీ స్టైపెండ్ ఆ గీత ఎప్పుడో దాటేసింది.

కాబట్టి ఏజెన్సీకి సూటిగా రాయండి: “నాకు ట్యాక్స్ హోమ్ లేదు, మొత్తం పన్ను పడే జీతంగా ఇవ్వండి.” అప్పుడు ఆ 700 మీద కూడా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లకు వాళ్ల వాటాగా 7.65 శాతం కట్టాలి కాబట్టి వారానికి 50 డాలర్లు తగ్గిస్తామనవచ్చు. న్యూ మెక్సికోలో పనిచేసిన వారాలకు కొన్ని వందల డాలర్ల రాష్ట్ర పన్ను కూడా ఉంటుంది. జీతం మీద రాష్ట్ర పన్ను లేని టెక్సాస్‌లో అలవాటు లేని ఖర్చు అది. ఇప్పటి క్లినిక్ మీ 401కె రిటైర్మెంట్ ఖాతాలో మ్యాచ్ (యజమాని వాటా) వేస్తుంటే అదీ ఆగిపోతుంది. ఇవన్నీ తీసేస్తే మీకు నిజంగా ఎక్కువ వచ్చేది ఏడాదికి ఐదారు వేలు. తక్కువేం కాదు, కానీ 20 వేలు కాదు. ఇంకో లాభం ఏమిటంటే ఏడాది జీతం, పన్ను చూపే డబ్ల్యూ-2 ఫారంలో పూర్తి జీతం కనిపిస్తుంది. రేపు ఇల్లు కొనడానికి లోన్ అడిగితే బ్యాంకు చూసేది దాన్నే. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ కూడా పన్ను పడిన జీతం మీదే లెక్క కడతారు.

నవంబరు ఎందుకు వద్దన్నానంటే ఇది ఔట్‌పేషెంట్ క్లినిక్ కాబట్టి. హాస్పిటల్ పండగ రోజు కూడా నడుస్తుంది, క్లినిక్‌కు తాళం పడుతుంది. మీరు చేరే 13 వారాల్లో థ్యాంక్స్‌గివింగ్, చాలాచోట్ల ఆ మర్నాడు, క్రిస్మస్, కొత్త సంవత్సరం, మార్టిన్ లూథర్ కింగ్ డే వస్తాయి. అయిదు రోజులు, రోజుకు 300 చొప్పున 1,500. ఒక వారం జీతం పండగలకే పోతుంది, గది అద్దె మాత్రం ఆగదు. దీనికి తోడు డాక్టరు సెలవు పెట్టినా, పేషెంట్లు తక్కువున్నా మధ్యాహ్నమే ఇంటికి వెళ్లిపొమ్మంటారు. కాంట్రాక్టులో ‘గ్యారంటీడ్ అవర్స్’ అన్న వాక్యం వెతకండి. 40 గంటలకు జీతం ఖాయమని ఉందా? క్లినిక్ మూసిన రోజులను మినహాయించారా? పని లేని గంటకు స్టైపెండ్ కూడా కోస్తామని రాశారా? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద లేకపోతే సంతకం పెట్టకండి. ఫోన్‌లో ఇచ్చిన మాట లెక్కలోకి రాదు.

పైగా లీజు మధ్యలో వదిలితే పెనాల్టీ. మార్చిలో బయలుదేరితే ఈ రెండు దెబ్బలూ తప్పుతాయి.

లైసెన్స్ గురించి దిగులు వద్దు. టెక్సాస్, న్యూ మెక్సికో రెండూ నర్స్ లైసెన్స్ కాంపాక్ట్‌లో (ఒకరి లైసెన్స్‌ను ఇంకొకరు గుర్తించే రాష్ట్రాల ఒప్పందం) ఉన్నాయి. మీది మల్టీస్టేట్ లైసెన్స్ అయితే అక్కడ ఎల్‌పీఎన్‌గా (ఎల్‌వీఎన్‌కు అక్కడి పేరు) అదే చెల్లుతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ కాంపాక్ట్‌లో లేవు. డ్రైవింగ్ లైసెన్స్, ఫెడరల్ రిటర్న్ టెక్సాస్ అడ్రసుతోనే ఉంచుకోండి. ఈ పనికి అన్నయ్య అడ్రసు బాగానే పనికొస్తుంది.

ఇన్సూరెన్స్ విషయంలో మాత్రం జాగ్రత్త. చాలా ఏజెన్సీల కవరేజీ కాంట్రాక్టుతో పాటే ముగిసిపోతుంది. ఇప్పటి ఉద్యోగం మానేటప్పుడు వచ్చే కోబ్రా కాగితాలు (పాత ఇన్సూరెన్స్‌ను సొంత ఖర్చుతో కొనసాగించుకునే హక్కువి) పారేయకండి. ఒప్పుకోవడానికి 60 రోజుల గడువుంటుంది, ఆ మధ్యలో ఏమైనా జరిగితే ప్రీమియం కట్టి వెనకటి తేదీ నుంచే కవరేజీ తెచ్చుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని తెనాలిలో ఉంది. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 9 లక్షలకు నెలకు 18,000 వడ్డీకే పోతోంది. అమ్మ దగ్గర బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి ఆ అప్పు ఈ నెలలోనే తీర్చేయమనండి. ప్రభుత్వ బ్యాంకుల్లో బంగారం రుణానికి వడ్డీ సాధారణంగా ఇందులో సగం కూడా ఉండదు. ఏడాదికి లక్ష రూపాయల పైనే ఆదా, మీరు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. అమ్మ నగలు తాకట్టు పెట్టమనడానికి మీకు మనసొప్పదని తెలుసు. కానీ ఆ నగలు మళ్లీ ఇంటికొస్తాయి, కట్టిన వడ్డీ రాదు. బ్యాంకు అప్పును మీరు ఏడాదిలోనే తీర్చాలని పట్టుబట్టకండి, రెండేళ్లు పెట్టుకోండి. డబ్బు మాత్రం బ్యాంకు ఖాతా నుంచే పంపండి. 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ ఇచ్చి విదేశాలకు పంపితే 1 శాతం పన్ను పడుతుంది, ఖాతా నుంచి పంపితే పడదు.