వెనిస్ బినాలేకి ఒక రోజు కేటాయించాలా అని అడిగారు కదా, నా అనుభవం చెప్తాను

మీరు అడిగింది ఇది: సెప్టెంబరులో అత్తగారితో, ఏడో తరగతి చదివే బాబుతో ఇటలీ వెళ్తున్నారు. వెనిస్‌లో రెండు రాత్రులు ఉంటారు. అక్కడ బినాలే అనే పెద్ద ప్రదర్శన నడుస్తుందని విన్నారు. మోడరన్ ఆర్ట్ అర్థం కాదు, టికెట్ డబ్బులు దండగ అవుతాయేమో అని మీ సందేహం.

వెళ్ళండి. ఒక రోజు పూర్తిగా దానికే ఉంచండి. నేను రెండుసార్లు వెళ్ళాను. 2019లో ఒక్కడినే, 2023లో మా ఆవిడ, అమ్మ, పదకొండేళ్ళ పాపతో. నేను ఆర్టిస్టుని కాదు. పుట్టి పెరిగింది కోనసీమ, ఉద్యోగం హైదరాబాదులో ఒక స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసులో. కాబట్టి ఇది మీలాంటి మామూలు మనిషి అనుభవమే.

ముందుగా కొంచెం వివరం. బినాలే 1895లో మొదలైంది, రెండేళ్ళకోసారి జరుగుతుంది. ఆర్కిటెక్చర్‌కి విడిగా ప్రదర్శన 1980 నుంచి పెడుతున్నారు. 2020లో జరగాల్సిన ఆర్కిటెక్చర్ ప్రదర్శన కోవిడ్ వల్ల 2021కి వాయిదా పడింది. అప్పటి నుంచి బేసి సంవత్సరాల్లో ఆర్కిటెక్చర్, సరి సంవత్సరాల్లో ఆర్ట్. అంటే 2019లో నేను చూసింది ఆర్ట్, 2023లో ఆర్కిటెక్చర్. ప్రధానంగా రెండు చోట్ల జరుగుతుంది. జార్దీని అంటే పెద్ద చెట్లున్న తోట, అందులో దేశాల సొంత పెవిలియన్లు, అంటే ప్రదర్శన భవనాలు, 29 ఉన్నాయి. ఆర్సెనాలే అంటే పాత నౌకా నిర్మాణ కేంద్రం. ఒకే టికెట్‌తో రెండు చోట్లకీ ఒక్కోసారి వెళ్ళవచ్చు, రెండూ ఒకే రోజు చూడాలన్న నియమం లేదు. మీకు ఇదే ముఖ్యమైన సంగతి. వెనిస్ చేరిన రోజు మధ్యాహ్నం ఒకటి, మర్నాడు రెండోది పెట్టుకుంటే పెద్దావిడకి ఇబ్బంది ఉండదు.

నేను మొదటిసారి అలా చేయలేదు. ఆఫీసు పని మీద మ్యూనిక్ వెళ్ళి, శని ఆదివారాలు కలిసి వస్తే వెనిస్ వచ్చాను. టికెట్ ఏదో మధ్యవర్తి సైట్‌లో కొంటే అసలు ధర మీద బాగానే ఎక్కువ వసూలు చేశారు. మీరు మాత్రం బినాలే సొంత సైట్‌లోనే తీసుకోండి. ఆదివారం పొద్దున 11 గంటలకి లోపలికి వెళ్ళి, సాయంత్రం మూసేలోపు రెండు చోట్లా అన్నీ చూసేయాలని పట్టు పట్టాను. ప్రతి గది ముందు గోడ మీద రాసింది మొత్తం చదివేవాడిని, తర్వాత వస్తువుని అర నిమిషం చూసి పక్క గదికి నడిచేవాడిని. మూడు గంటలకల్లా కాళ్ళు పీకాయి, తల బరువెక్కింది. ఆ రోజు చదివిన వాక్యాల్లో ఇవాళ ఒక్కటీ గుర్తు లేదు.

గుర్తున్నది ఒక్కటే, అది కూడా ఏమీ చదవకుండా చూసింది. భారత్‌కి జార్దీనిలో సొంత భవనం లేదు. 2011లో ఆర్సెనాలేలో జాతీయ పెవిలియన్ పెట్టారు, మళ్ళీ 2019లో గాంధీజీ 150వ జయంతి సందర్భంగా పెట్టారు. అందులో జితీశ్ కల్లాట్ చేసిన ఒక చీకటి గది ఉంది. పైనుంచి పొగమంచు తెరలా కిందికి జారుతుంటుంది. దాని మీద ఒక ఉత్తరం అక్షరాలు కదులుతుంటాయి. 1939 జూలై 23న, యుద్ధాన్ని ఆపమని గాంధీజీ హిట్లర్‌కి రాసిన ఉత్తరం అది. మనం ఆ తెర గుండా నడిచి అవతలికి వెళ్ళాలి. నడుస్తుంటే అక్షరాలు చొక్కా మీద పడి చెదిరిపోయాయి, ముఖానికి చల్లటి తడి తగిలింది. ఆ ఉత్తరం గురించి చిన్నప్పుడు స్కూల్లో విన్నాను. వినడం వేరు, దాని మధ్య నుంచి నడవడం వేరు. పక్కనే గోడ నిండా జి.ఆర్. ఇరన్న అమర్చిన వందలాది చెక్క పాదుకలు. మనిషి లేడు, నడిచిన గుర్తులు మాత్రం ఉన్నాయి. అక్కడే చాలాసేపు ఉండిపోయాను, దానివల్ల మిగతావి సగం చూడలేకపోయాను, ఆ సంగతికి ఇప్పటికీ బాధ లేదు.

అందుకే 2023లో ఇంట్లో అందరం ఒక మాట అనుకున్నాం. ఎవరికి నచ్చిన చోటు వాళ్ళు ఒకటి ఎంచుకోవాలి, మిగతావాళ్ళు అక్కడ పావుగంట కూర్చోవాలి. ముందు చూడాలి, తర్వాత చదవాలి. మిగిలినవన్నీ దారిలో కనిపించినంతవరకే. మీ బాబుకి ఈ పద్ధతి తప్పకుండా నచ్చుతుంది, ఎంచుకునే హక్కు వాడికి కూడా ఉంటుంది కాబట్టి.

జార్దీనిలో నేను ఎంచుకున్నది నార్డిక్ పెవిలియన్, అంటే స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌ల ఉమ్మడి భవనం. ఇందులో ఏం ప్రదర్శించారన్నది పక్కన పెట్టినా భవనమే ఒక ప్రదర్శన. నార్వే ఆర్కిటెక్ట్ స్వెర్రె ఫేన్ డిజైన్ చేశారు, 1962లో పూర్తయింది. స్థలంలో ఉన్న చెట్లని కొట్టేయకుండా కప్పుకి సందులు వదిలారు, కొన్ని చెట్లు కప్పు దాటి పైకి పోయాయి. ఒక మూల చెట్టు అడ్డొస్తే, అక్కడి పెద్ద బీము రెండుగా చీలి ఆ చెట్టుకి చెరో పక్కన నిలబడుతుంది. కప్పు మీద రెండు వరసల కాంక్రీటు బీములు ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉంటాయి. ఒక్కోటి మీటరు లోతు, మందం 6 సెంటీమీటర్లు మాత్రమే. ఎండ తిన్నగా లోపలికి దిగదు, ఆ బీముల మధ్య తట్టుకుంటూ మెత్తబడి దిగుతుంది. ఉత్తర దేశాల్లో నీడ పడని వెలుతురు ఉంటుందట, దాన్ని ఎండ మండే వెనిస్‌కి తీసుకొచ్చాడాయన. రోజూ బీములు గీసే మనిషిగా చెప్తున్నాను, ఆరు సెంటీమీటర్ల మందంలో ఇనుము కట్టి, సెంట్రింగ్ వేసి, కాంక్రీటు పోయడం ఎంత శ్రమో తెలిసినవాళ్ళకి అక్కడ మాట రాదు. ఆ ఏడాది లోపల సామీ జాతి (ఆ ఉత్తర దేశాల ఆదివాసులు) ఆర్కిటెక్ట్ జోర్ నాంగో తన సంచార గ్రంథాలయం పెట్టారు. రెయిన్‌డీర్ తోళ్ళ మీద కూర్చుని పుస్తకాలు తిరగేయవచ్చు. అమ్మ మోకాళ్ళకి అక్కడే మొదటి విశ్రాంతి దొరికింది.

అమ్మ ఎంచుకున్నది బ్రెజిల్. దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

ఆ ఏడాది ఉత్తమ దేశంగా బంగారు సింహం బహుమతి పొందిన పెవిలియన్ అది, పేరు 'తెర్రా', అంటే భూమి. ఆధునిక భవనం లోపల నేలంతా మట్టి పరిచారు. అమ్మ గడప దగ్గర ఆగి, వంగి, చిటికెడు మట్టి తీసి వేళ్ళతో నలిపి చూసింది. ‘‘ఇది ఆరిన మట్టిరా, పేడ కలిపి అలికితే ఇలా లేవదు’’ అంది. మా తాతగారి ఇంట్లో మట్టి నేలే, పండక్కి ముందు అమ్మ, పిన్ని కలిసి అలికి ముగ్గులు పెట్టేవాళ్ళు. ఆ తర్వాత గచ్చు వచ్చింది, ఆ తర్వాత టైల్స్. అమ్మ అక్కడి బెంచీ మీద కూర్చుని పాపకి ఏ మట్టి దేనికి పనికొస్తుందో, ఎర్రమట్టిలో ఏం కలుపుతారో చెప్తూ పోయింది. నాకే తెలియని సంగతులు చాలా ఉన్నాయి అందులో.

తర్వాత గోడ మీద చదివితే తెలిసింది, అక్కడి ఆదివాసులకీ, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ళ వారసులకీ భూమితో ఉన్న సంబంధమే ఆ పెవిలియన్ విషయం. బ్రెజిల్ కొత్త రాజధాని బ్రసీలియాని ఖాళీ నేల మీద కట్టారని చెప్పుకుంటారు. నిజానికి అది ఖాళీ నేల కాదని, అక్కడ మనుషులు ఉండేవారని ఒక గదిలో చూపించారు. కొత్త రాజధాని, దానికి భూములు అన్న మాటలు కనిపిస్తే మన ఆంధ్రావాళ్ళ మనసు అక్కడ ఆగకుండా ఉంటుందా? మీరు మోడరన్ ఆర్ట్ అర్థం కాదన్నారు కదా. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, ఇటాలియన్ రాదు. ఆ గదిని మా నలుగురిలో అందరికంటే ముందు అర్థం చేసుకున్నది ఆవిడే.

పాప జర్మనీ ఎంచుకుంది. 2022 ఆర్ట్ బినాలే ముగిశాక నలభైకి పైగా పెవిలియన్లు వదిలేసిన చెక్క, రేకులు, పలకలు పోగు చేసి, లేబుళ్ళు కట్టి ఆ హాల్లో పేర్చారు. అక్కడే వర్క్‌షాప్ పెట్టి వాటితో మరమ్మతులకి కావాల్సినవి చేయించారు. పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే టేకు తలుపులు, కిటికీలు అమ్మే చోటుకి మేం ఇల్లు కట్టేటప్పుడు పాపని తీసుకెళ్ళాను, దానికి అది గుర్తొచ్చింది. మా ఆవిడకి ఫిన్లాండ్ సొంత పెవిలియన్ పక్కన చెట్ల కింద బెంచీ నచ్చింది. మేం పొద్దున బసలో కలిపి తెచ్చుకున్న పులిహోర డబ్బాలు అక్కడే తీశాం. లోపల కాఫీ, శాండ్‌విచ్ దొరుకుతాయి కానీ ఖరీదు ఎక్కువే.

ఆర్సెనాలేలో ఒక్క చోటు మాత్రం వదలకండి, కోర్దెరియే. ఓడలకి తాళ్ళు పేనిన పొడవాటి కొట్టం. దాదాపు 317 మీటర్ల పొడవు, రెండు వరసల లావుపాటి ఇటుక స్తంభాలు. తాడు అతుకు లేకుండా పేనాలంటే అంత పొడవూ కావాల్సిందే. మా కోనసీమలో కొబ్బరి పీచు తాడు పేనేవాళ్ళు పురి పెడుతూ వెనక్కి వెనక్కి నడవడం చిన్నప్పుడు చూశాను. వాళ్ళు తోటలో చేసే పనికే ఇక్కడ ఒక నగరం ఇంత పెద్ద కప్పు వేసింది. ప్రదర్శన ఏడాది ఏడాదికీ మారుతుంది, ఈ కప్పు మారదు. నడక మాత్రం ఎక్కువ, పెద్దావిడకి మధ్యమధ్యలో కూర్చునే చోటు చూసుకోండి.

ఇక ఖర్చులు, ప్రయాణం. రెండుసార్లూ నాకు టికెట్ అసలు ధర 25 యూరోలు, తర్వాత మారి ఉండవచ్చు. విద్యార్థులకి, వయసు మీద పడినవాళ్ళకి రాయితీ ఉంటుంది, చూసుకుని కొనండి. నీటి బస్సు ఒక్క ప్రయాణానికి 9.50 యూరోలు, అందుకని ఎక్కువసార్లు ఎక్కేటట్టయితే రోజు పాస్ నయం. మేం మెస్త్రేలో దిగాం, అక్కడి నుంచి రైల్లో వెనిస్‌కి పది పన్నెండు నిమిషాలు, గదుల అద్దె తక్కువ. జార్దీనికీ ఆర్సెనాలేకీ మధ్య నడిచి వెళ్ళవచ్చు కానీ దారిలో వంతెనలున్నాయి, ప్రతి వంతెనకీ మెట్లున్నాయి. మీ అత్తగారి కోసం ఆ ఒక్క స్టేజీ దూరం కూడా నీటి బస్సే ఎక్కండి. ఒక రోజు సందర్శకుల నుంచి వెనిస్ వసూలు చేసే ప్రవేశ రుసుము గురించి టెన్షన్ వద్దు. అది ఏడాదిలో కొన్ని రోజులకే, రాత్రి బస చేసేవాళ్ళకి మినహాయింపు ఉంది. సోమవారాలు బినాలే మామూలుగా మూసి ఉంటుంది, మీ రెండు రోజుల్లో ఒకటి సోమవారం అయితే ప్లాన్ ఇప్పుడే మార్చుకోండి.

ఒకవేళ టికెట్ కొనడానికి మనసు ఒప్పకపోతే, ఊరంతా పాత ఇళ్ళల్లో, చర్చిల్లో కొన్ని దేశాల పెవిలియన్లు ఉంటాయి, వాటిలో చాలావాటికి టికెట్ అక్కర్లేదు. 2019లో బంగారు సింహం పొందిన లిథువేనియా కూడా ఇలా బయటి చోటే. ఇసుక పోసి సముద్ర తీరం చేశారు, జనం పడుకుని పాటలు పాడుతుంటే పైనుంచి చూడాలి. పాటలు వారంలో కొన్ని రోజులే అని తెలియక ఆదివారం వెళ్ళి అది పోగొట్టుకున్నాను. ఇలాంటివి ఏ రోజు, ఏ వేళకి ఉంటాయో ముందే చూసి పెట్టుకోండి. ప్రయాణానికి ముందు ఒకసారి కొచ్చి వెళ్ళే వీలుంటే ఇంకా మంచిది. 2012 నుంచి అక్కడ కూడా బినాలే జరుగుతోంది, పాత గోదాముల్లో ఇలాంటివి చూడడం అలవాటవుతుంది.

చివరిగా, బినాలేతో సంబంధం లేని చోటు ఒకటి, ఒక గంట మిగిలితే: క్వెరీనీ స్తంపాలియా. పాత భవనం, కింది అంతస్తుని 1960ల మొదట్లో వెనిస్ ఆర్కిటెక్ట్ కార్లో స్కార్పా తిరిగి కట్టారు. వెనిస్‌లో పోటుకి నీళ్ళు ఇళ్ళల్లోకి వస్తాయి. ఆయన నీళ్ళని ఆపలేదు. కాలువ వైపు ఇనుప గేట్లలోంచి లోపలికి రానిచ్చి, గోడ వెంట వాటికి దారి వదిలి, మనుషులు నడిచే నేలని ఎత్తు చేశారు. అమ్మ ఆ మెట్ల దగ్గర నిలబడి చాలాసేపు నీళ్ళు చూసింది. గోదావరికి వరదొస్తే లంకల్లో మనవాళ్ళు అరుగు ఎంత ఎత్తు కట్టేవారో, నీళ్ళు ఏ మెట్టు దాకా వస్తే సామాను అటకెక్కించేవారో ఆ సాయంత్రం రైల్లో పాపకి చెప్తూ వచ్చింది.