నెలకోసారి ఎగిరితే చాలదు

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటున్నాం. నాకు ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. ఒక విశ్రాంత ఇంజనీరు తన గ్యారేజీలో కిట్‌తో కట్టుకున్న రెండు సీట్ల ఆర్‌వీ-9ఏ విమానాన్ని ఇటీవల కొన్నాను. ఇంజన్ లైకమింగ్ ఓ-320. నెలకోసారి నేనూ నా భార్యా హ్యూస్టన్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళి రావాలన్నది మా కోరిక. దాని పనులు నేనే చేసుకోవచ్చునా?

జవాబు: చేసుకోవచ్చు. సొంతంగా కట్టుకున్న, 'ఎక్స్‌పెరిమెంటల్' తరగతిలో నమోదైన విమానానికి ఆయిల్ మార్చడం మొదలు బ్రేకులు విప్పి బిగించడం వరకు యజమాని తన చేతులతో చేసుకోవడానికి అమెరికా చట్టం అడ్డు చెప్పదు. అయితే పన్నెండు నెలలకొకసారి జరగవలసిన కండిషన్ ఇన్‌స్పెక్షన్ (విమానం క్షేమంగా ఎగరగల స్థితిలో ఉందా అని చూసే తనిఖీ) మీద, తగిన సర్టిఫికెట్ లేకుండా మీరు సంతకం చేయలేరు. విమానం కట్టినందుకు ఆ ఇంజనీరుకు ఎఫ్.ఏ.ఏ. (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చిన రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఆయనదే. అమ్మకంతో పాటు అది మీకు సంక్రమించదు. ఆయన ఒప్పుకుంటే ఆయన చేతనే, లేకపోతే ఏ అండ్ పీ మెకానిక్ (విమానం ఒడలికీ ఇంజన్‌కూ పనిచేసే సర్టిఫికెట్ ఉన్న మెకానిక్) చేత ఆ తనిఖీ చేయించుకోండి. పలకలు మీరే విప్పి, పక్కనే నిలబడి ప్రతి మూలా చూడండి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట 'నెలకోసారి'. ఈ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ (కవాటాలను తెరిపించే ఇరుసు) క్రాంక్‌షాఫ్ట్‌కు (ప్రొపెల్లర్‌ను తిప్పే ప్రధాన ఇరుసుకు) పైన ఉంటుంది. విమానం హ్యాంగర్‌లో కదలకుండా ఉన్నకొద్దీ క్యామ్‌షాఫ్ట్ మీది ఆయిల్ పొర కిందికి జారిపోయి, లోపల మిగిలిన చెమ్మ తుప్పు పట్టిస్తుంది. తర్వాత ఎగిరినప్పుడు ఆ తుప్పు చుక్కల దగ్గరే లోహం పొరలు లేచి అరిగిపోతుంది. నేల మీద పది నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ, ఎందుకంటే దహనంలో పుట్టిన నీరు ఆవిరై పోయేంత వేడి అప్పుడు ఆయిల్‌కు అందదు. వారానికో, కనీసం రెండు వారాలకో ఒకసారి, ఆయిల్ దాదాపు 180 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరి నిలిచేలా ఒక గంట ఎగిరి రండి.

ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ 50 గంటలకు లేదా నాలుగు నెలలకు, ఏది ముందు వస్తే అప్పుడు మార్చండి. పాత ఫిల్టర్‌ను మాత్రం చూడకుండా పారేయకండి. కట్టర్‌తో డబ్బా కోసి, లోపలి కాగితపు మడతలను పరిచి, ఆయిల్ ఓడిన తర్వాత ఎండలో పట్టి చూడండి. కొన్నేళ్ళ కిందట ఒక చలికాలమంతా నేను నా విమానాన్ని బయటికి తీయలేదు. తర్వాత ఫిల్టర్ కోస్తే మడతల అడుగున, నూకలో సగమంత, మెరిసే పలుకులు కనిపించాయి. అయస్కాంతం దగ్గరకు తేగానే అవన్నీ దాని కొసకు ముళ్ళలా నిక్కి నిలిచాయి. అల్యూమినియం అయితే అంటుకోదు కదా! ఆ రోజే ఎగరడం ఆపి సిలిండర్లు విప్పించాను. క్యామ్ ఒకచోట అరిగిపోయి ఉంది.

ఇంకొక విషయం. మీ విమానంలో ఇంధన ట్యాంకులు రెక్కల ముందంచున ఉంటాయి గనుక ఇంధనం తగ్గేకొద్దీ గరిమనాభి (విమానం మొత్తం బరువు తూగే బిందువు) వెనక్కు జరుగుతుంది. అమ్మాయికి పట్టుకెళ్ళే పచ్చడి సీసాలూ బియ్యం సంచీ సీట్ల వెనుకే సర్దుతారు కాబట్టి, బయలుదేరేటప్పటి లెక్కతో ఆగకుండా, ట్యాంకులు అడుగంటి దిగేటప్పటి లెక్క కూడా వేసుకుని, గరిమనాభి హద్దు దాటలేదని చూసుకోండి.

ప్రశ్న: మా అన్నయ్య తాను కట్టుకున్న విమానంలో వెళ్తుండగా, వెచ్చగా ఉన్న రోజునే కార్బురేటర్‌లో (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు పంపే భాగంలో) మంచు పేరుకుందట. అది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. కార్బురేటర్ గొంతులో గాలి పీడనం తగ్గడం వల్లా, పెట్రోలు ఆవిరవడం వల్లా ఉష్ణోగ్రత హఠాత్తుగా పడిపోతుంది; గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, బయట 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నా లోపల మంచు కడుతుంది. వెంటనే కార్బురేటర్‌లోకి వేడి గాలిని మళ్ళించే 'కార్బురేటర్ హీట్' నాబ్‌ను పూర్తిగా లాగాలి. కరిగిన నీరు లోపలికి వెళ్ళడంతో ఇంజన్ కాసేపు మరింత గరగరమంటుంది. అది చూసి భయపడి నాబ్‌ను తిరిగి లోపలికి నెట్టవద్దని మీ అన్నయ్యకు చెప్పండి.