హైదరాబాద్ బయల్దేరే ముందు

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. కాలేజీకి వచ్చిన రెండు కంపెనీలూ సీఎస్‌ఈ వాళ్లను తీసుకుని వెళ్లిపోయాయట, మీ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వాళ్లను కూర్చోనివ్వనే లేదట, నువ్వేమో అమీర్‌పేట వచ్చి కోర్సులో చేరతానంటున్నావట. వాడి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఫోన్లో చెబితే నువ్వు సగానికి 'ఊ' కొట్టి వదిలేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఉద్యోగం రాకపోవడానికి నీ మార్కులే కారణమని కుమిలిపోకు. కరోనా తర్వాత 2021, 22లో కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకున్నాయి. ఆ ఊపు తగ్గాక, 2023 ఫిబ్రవరిలో విప్రో ఏడాదికి 6.5 లక్షల జీతం ఆఫర్ ఇచ్చినవాళ్లనే 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తానని ప్రకటించింది. అంటే నువ్వు వెతికే చోటే అనుభవం ఉన్నవాళ్లూ వెతుకుతున్నారు. 2001లోనూ, 2008-09లోనూ ఇలాగే బిగుసుకుంది, మళ్లీ తెరుచుకుంది. ఈసారి ఎప్పుడు తెరుచుకుంటుందో నేను చెప్పలేను. ఖచ్చితంగా చెప్పగలనన్నవాడి దగ్గర మాత్రం ఫీజు కట్టకు.

ఉద్యోగం ఆరు నెలలో ఏడాదో ఆలస్యమైతే కొంప మునగదు. ఆ ఖాళీలో కంగారుపడి ఎవరికో డబ్బు కట్టి, ఏదో అబద్ధం రాసి ఇరుక్కుంటే మాత్రం బయటపడటానికి చాలా ఏళ్లు పడుతుంది. ఈ ఉత్తరమంతా దాని గురించే అనుకో.

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే చాలు, చేతిలో పాంప్లెట్లు పడతాయి. అక్కడ చెప్పేవాళ్లలో నిజంగా మంచి టీచర్లున్నారు, కాదనను. డెమో క్లాసులకు డబ్బు తీసుకోరు కాబట్టి మూడు నాలుగు చోట్ల కూర్చుని విని, అప్పుడు కట్టు. '100 శాతం ప్లేస్‌మెంట్' అని బోర్డు పెట్టినచోట, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసిస్తామని కాగితం మీద రాసివ్వమని అడుగు. వాళ్ల ముఖం చూస్తే నీకే అర్థమవుతుంది.

కోర్సు అయ్యాక అసలు కథ మొదలవుతుంది. ఎవరో ఒకరు మెల్లగా పక్కకు పిలిచి, 'ఫ్రెషర్లకు ఓపెనింగ్స్ లేవమ్మా, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి పంపిస్తాం' అంటారు. ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు అన్నీ వాళ్లే చేసిస్తారు. లక్షల్లో అడుగుతారు. 'అందరూ ఇలాగే వెళ్తున్నారు' అని ధైర్యం కూడా చెబుతారు. కొందరు చేరుతున్న మాట నిజమే. చేరాక కంపెనీలు వెరిఫికేషన్ చేయిస్తాయి. పీఎఫ్‌కు యూఏఎన్ అని ఒక నంబరు ఉంటుంది. నువ్వు ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో అందులో ఉంటుంది. దాంతోపాటు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, జీతంలో కోసిన పన్ను లెక్క చూపే ఫారం 26ఏఎస్ కూడా అడుగుతారు. నాలుగైదు నెలలు బాగా పనిచేసి, టీమ్‌లో కలిసిపోయాక ఒక మధ్యాహ్నం హెచ్‌ఆర్ పిలిచి లాప్‌టాప్ తీసుకుని పంపేస్తే, ఆ తర్వాత రెజ్యూమెలో ఏం రాసుకుంటావు? మరోచోట మళ్లీ అబద్ధమేగా.

నీ బదులు వెనకనుంచి ఇంకొకరు జవాబులు అందించే ప్రాక్సీ ఇంటర్వ్యూల సంగతీ అంతే. ఇంటర్వ్యూ చేసే మాకు తెలియదనుకుంటారు. ఆమధ్య వీడియోలో ఒకబ్బాయి జవాబులు గడగడా చెబుతున్నాడు, వాడి కళ్లజోడులో రెండో స్క్రీన్ మీద అక్షరాలు పైకి జరుగుతూ కనిపిస్తున్నాయి. పాపం, ఆ జవాబులు తప్పు కూడా కావు.

నేను ఇంటర్వ్యూలో ఏం చూస్తానో చెబుతాను, నీకు పనికొస్తుంది. ఒకడు 'ఆన్‌లైన్ బ్లడ్ బ్యాంక్ మేనేజ్‌మెంట్ సిస్టమ్' అని ప్రాజెక్టు రాశాడు. ఆ పేరు రెజ్యూమెల్లో చూసి చూసి నా కళ్లు కాయలు కాశాయి. 'ఒక దాత రక్తం ఇచ్చి నెల తిరక్కుండానే మళ్లీ వస్తే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?' అని అడిగాను. చాలాసేపు ఆగి, 'ఆ మాడ్యూల్ మా టీమ్ మెంబర్ చేశాడు సర్' అన్నాడు. కొన్న ప్రాజెక్టు అని తెలిసిపోయింది.

అదే రోజు ఒకమ్మాయి వచ్చింది. ఇంగ్లీషు తడబడుతోంది. వాళ్ల నాన్న కిరాణా కొట్టులో అప్పుల ఖాతా కోసం చిన్న ప్రోగ్రాం రాసుకుందట. మొదట పేరు మాత్రమే పెట్టింది, ఊళ్లో ఇద్దరు సుబ్బారావుల అప్పు ఒకే ఖాతాలో పడింది. ఫోన్ నంబరు పెడదామంటే ముసలివాళ్లలో చాలామందికి ఫోన్ లేదు. చివరికి వాళ్ల నాన్న ఎలా గుర్తుపెట్టుకుంటాడో అలాగే 'చెరువుగట్టు సుబ్బారావు', 'గుడి వెనక సుబ్బారావు' అని ఇంకో గడి కలిపి, ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చింది. ఇది చెబుతున్నప్పుడు ఆ పిల్ల ఇంగ్లీషు గురించి మర్చిపోయింది, మేమూ మర్చిపోయాం. తీసుకున్నాం.

నీకూ అలాంటిదొకటి కావాలి. భీమవరంలో ఉండి ఐడియా లేదంటే నేనొప్పుకోను. మీ మామయ్య చెరువు దగ్గర అర్ధరాత్రి కరెంటు పోయి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని కాపలా పెడతారు కదా. కరెంటు పోగానే ఆయన ఫోనుకు కాల్ వెళ్లే చిన్న బోర్డు ఒకటి తయారుచెయ్యి. సిమ్ వేసే మాడ్యూల్ దొరుకుతుంది, నువ్వు చదివిందే ఈసీఈ. చెరువు దగ్గర సిగ్నల్ లేకపోతే ఏం చెయ్యాలి, బోర్డుకే కరెంటు లేకపోతే అది ఎలా పనిచెయ్యాలి, రెండు నిమిషాల్లో కరెంటు వచ్చేస్తే ఆయన్ని నిద్రలేపాలా వద్దా? ఈ ప్రశ్నలకు నువ్వు వెతుక్కునే జవాబులే రేపు ఇంటర్వ్యూలో నీ మాటలవుతాయి. చెడిపోయినా ఫర్వాలేదు, ఎందుకు చెడిపోయిందో చెప్పగలిగితే చాలు.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే దారి అనుకోకు. ఎన్ఏటీఎస్ అని కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ఉంది, ఈ రోజే అందులో రిజిస్టర్ చేసుకో. పాసై ఐదేళ్లు దాటనివాళ్లకు ఏడాది శిక్షణ ఇస్తారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ లాంటివి ఈసీఈ వాళ్లను తీసుకుంటాయి. స్టయిపెండు 2019 నిబంధనల్లో నెలకు కనీసం 9,000గా పెట్టారు, ఇప్పుడెంతో పోర్టల్లోనే చూసుకో. తక్కువే. ఏడాది తర్వాత అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ కూడా లేదు. అయినా నిజమైన యంత్రాల మధ్య ఏడాది, నిజమైన సర్టిఫికెట్టు. దొంగ ఎక్స్‌పీరియన్స్‌కు లక్షలు పోసేకంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఆఫ్ క్యాంపస్ డ్రైవ్‌ల్లో మొదట అడిగేది 'ఏ ఇయర్ పాసౌట్?' అనే. చాలా కంపెనీలు ఆ ఏడాది బ్యాచ్‌నో, మహా అయితే అంతకుముందు బ్యాచ్‌నో రానిస్తాయి. కాబట్టి కోర్సు పూర్తయ్యాక అప్లై చేద్దామని ఆగకు, రెండూ కలిపి నడిపించు. ఆఫర్ లెటర్ వచ్చినా చేరే తేదీ వచ్చేదాకా వెతకడం ఆపకు. ఎంతమందిని నెలల తరబడి కూర్చోబెట్టారో నీ సీనియర్లనే అడుగు.

సీనియర్లకు మెసేజ్ పెట్టేటప్పుడు 'హాయ్ అక్కా, ఏమైనా జాబ్స్ ఉన్నాయా' అని పెడితే ఎవరూ పలకరు. వాళ్ల కంపెనీ సైట్‌లో నువ్వే ఓపెనింగ్ వెతికి, ఆ జాబ్ ఐడీ, నీ రెజ్యూమె, నువ్వు ఎందుకు సరిపోతావో మూడు వాక్యాలు కలిపి పంపు. వాళ్లు చెయ్యాల్సింది ఫార్వర్డ్ నొక్కడం ఒక్కటే అయితే చేస్తారు.

మీ నాన్న గ్రూప్స్ రాయించమంటావా అని అడిగాడు. రాయి, కానీ దాని మీదే కూర్చోకు. తెలంగాణలో 2022లో గ్రూప్-1 నోటిఫికేషన్ ఇచ్చి, అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్. అశోక్‌నగర్‌లో కోచింగ్ కోసం తీసుకున్న గదుల్లో అదే పుస్తకాలతో కూర్చున్న పిల్లల తప్పు ఇందులో ఏముంది? ఏపీపీఎస్సీ అలా కాదులే అనుకోవద్దు. ఏదో ఒక ఉద్యోగం చేస్తూ రాసుకో.

విదేశాల్లో డేటా ఎంట్రీ, మంచి జీతం, వీసా మేమే చూసుకుంటాం అని ఫోనొస్తే పెట్టేసెయ్. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులో అలా నమ్మి వెళ్లినవాళ్లను కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. నిజంగా వెళ్లాల్సి వస్తే ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో నాతో కలిసి చూద్దువుగాని.

ఎడ్యుకేషన్ లోన్ గురించి మీ నాన్న నీతో అనడు, నాతో అన్నాడు. మామూలుగా కోర్సు అయ్యాక ఏడాది గడువు ఉంటుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మీ శాంక్షన్ లెటర్‌లో ఏముందో ఒకసారి తీసి చదువు. గడువు దగ్గరపడితే కిస్తీ తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి. తప్పాక వెళ్తే వాళ్ల మాట తీరే మారిపోతుంది.

ఒరిజినల్స్ ఎవరి దగ్గరా వదలకు. టెన్త్ మెమో, ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ అన్నీ చూపించు, జిరాక్స్ ఇవ్వు, వెంటనే వెనక్కి తీసుకో. 'రెండేళ్ల బాండ్, సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచాలి' అంటే ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు, సంతకం తర్వాత సంగతి. సెక్యూరిటీ డిపాజిట్ అన్నవాళ్ల ఆఫీసులో కూర్చుని కాఫీ కూడా తాగొద్దు.

ఎస్సార్ నగర్ హాస్టళ్ల సంగతి తర్వాత చూద్దాం, మొదటి నెల మా ఇంట్లోనే ఉండు. పెద్దమ్మ గది సర్దేసింది. ఈలోగా రెజ్యూమె ఒక్క పేజీలో రాసి ఆదివారంలోపు పంపు. పైన 'కెరీర్ ఆబ్జెక్టివ్' అని పెట్టే పేరా తీసెయ్, దాన్ని మేమెవరం చదవం.

ఇట్లు,
మీ పెదనాన్న