కంటికి కనిపించనిదాన్ని ‘చూశారు’ అనవచ్చా?

సందేహం: “పరారుణ కిరణాలతో చూస్తే తెల్ల మరుగుజ్జు నక్షత్రం ఎలా పేలిందో తెలుస్తుంది” అని ఒక సైన్సు వ్యాసంలో రాశాను. చదివిన మిత్రుడు, ‘పరారుణ కిరణాలు కంటికి కనిపించవు కదా, చూస్తే అనడం తప్పు. గ్రహిస్తే అనో, కొలిస్తే అనో మార్చు’ అన్నాడు. ఏది సరైనది?

సమాధానం: ‘చూస్తే’ అలాగే ఉంచండి. మార్చాల్సింది దానికి ముందున్న ‘తో’.

తెలుగులో చూడటం ఒక్క కంటి పనే కాదు. రుచి చూస్తాం, వాసన చూస్తాం, నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూస్తాం, చీకట్లో తడిమి చూస్తాం. అడిగి చూడు, ప్రయత్నించి చూడు అన్నప్పుడైతే ఇంద్రియాల ప్రసక్తే లేదు. ఉందో లేదో, ఎలా ఉందో ఏదో ఒక దారిలో తేల్చుకోవడమే చూడటం. కనిపించడం వేరు. ‘ఎంత చూసినా కనిపించలేదు’ అని రోజూ అంటూనే ఉంటాం. చూడటం మన ప్రయత్నం, కనిపించడం దాని ఫలితం. కాబట్టి ‘కంటికి కనిపించని కాంతిలో చూశారు’ అన్న మాటలో వైరుధ్యం లేదు.

పరారుణానికి ఈ క్రియ మరీ బాగా ఒదుగుతుంది. 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఒక్కొక్క రంగులో థర్మామీటరు పెట్టి వేడి చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట పెడితే వేడి ఇంకా ఎక్కువగా ఉంది. పర + అరుణ = పరారుణ, సవర్ణదీర్ఘ సంధి. అరుణానికి ఆవల ఉన్నది అని అర్థం. హెర్షెల్ థర్మామీటరు పెట్టిన చోటే ఆ మాటకు అర్థమైంది. ఇంత చక్కటి పారిభాషిక పదాలు మనకు ఎక్కువ లేవు. దీన్ని వదిలి ‘ఇన్‌ఫ్రారెడ్’ అని రాయాల్సిన అవసరం నాకు ఎప్పుడూ కలగలేదు.

ఇక ‘తో’ సంగతి. ఇది తృతీయా విభక్తి. సాధనాన్ని చెబుతుంది, లేదా తోడును చెబుతుంది. టార్చితో చూశాం అంటే వెలుగు మన చేతిలోంచి వెళ్లింది. ఎక్స్‌రేతో చూశారు అంటే యంత్రం కిరణాలను పంపింది. ‘పరారుణ కిరణాలతో చూస్తే’ అని చదివినవారు శాస్త్రవేత్తలు నక్షత్రం మీదకు కిరణాలు పంపారనుకునే ప్రమాదం ఉంది. జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. పేలిన నక్షత్రం నుంచి కోట్ల ఏళ్ల కిందట బయలుదేరిన కాంతి వచ్చి టెలిస్కోపులో పడుతుంది. సాధనం టెలిస్కోపు, కాంతి కాదు. అందుకే ‘టెలిస్కోపుతో, పరారుణ కాంతిలో చూశారు’ అనాలి. వ్యాకరణ పట్టికలో ‘లోన్’ షష్ఠి వరుసలో ఉంటుంది గానీ, ఇక్కడ అది చెప్పేది అధికరణాన్నే, అంటే చూపు నిలిచిన చోటును.

పరారుణంలోనే ఎందుకు చూడాలో కూడా మీ వ్యాసంలో ఒక మాట ఉంటే బాగుంటుంది. తెల్ల మరుగుజ్జు అంటే ఇంచుమించు సూర్యుడంత పదార్థం భూమంత పరిమాణంలోకి కుదించుకుపోయిన నక్షత్రం. అది పేలినప్పుడు పెద్ద మొత్తంలో నికెల్-56 పుడుతుంది. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం మరో మూలకంగా మారిపోవడానికి పట్టే కాలం, సుమారు 6 రోజులు. అది కోబాల్ట్‌గా మారుతుంది, ఆ కోబాల్ట్ సుమారు 77 రోజుల అర్ధాయువుతో ఇనుముగా మారుతుంది. కొన్ని నెలలు గడిచాక శకలాలు పలచబడి లోపలి భాగం బయటపడుతుంది. అప్పటికి ఆ నికెల్ మిగలదు. అయినా నికెల్ ఆనవాలు దొరికిందంటే అది పేలుడులో పుట్టినప్పటి నుంచే స్థిరంగా ఉన్న నికెల్. నక్షత్ర గర్భం బాగా సాంద్రంగా ఉంటేనే అలాంటిది ఎక్కువగా పుడుతుంది. కాంతిని విడదీస్తే ఒక్కొక్క మూలకం తన గుర్తుగా కొన్ని రేఖలు చూపిస్తుంది. మామూలు కాంతిలో ఇనుము, కోబాల్ట్, నికెల్ రేఖలు ఒకదానిపై ఒకటి పడి కలగాపులగమవుతాయి. పరారుణంలో అవి చాలావరకు విడివిడిగా ఉంటాయి. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఎస్ఎన్ 2021ఏఈఎఫ్ఎక్స్ అనే సూపర్‌నోవాను (నక్షత్ర పేలుడును), దాని వెలుగు గరిష్ఠానికి చేరిన సుమారు 255 రోజుల తర్వాత ఇలా చూసినప్పుడు స్థిరమైన నికెల్ రేఖలు దొరికాయి. ఆ నక్షత్రం చంద్రశేఖర్ అవధికి, అంటే తెల్ల మరుగుజ్జు నిలదొక్కుకోగల గరిష్ఠ ద్రవ్యరాశికి (సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు), దగ్గరగా ఉండగా పేలి ఉండవచ్చనడానికి అదొక సూచన.

ఇక్కడ ‘నికెల్ కనిపించింది’ అని రాసినా నేను తప్పు పట్టను. ‘కనుగొను’లోనూ ఉన్నది ఆ ‘కను’ ధాతువే. అది కంటిని దాటి ఎప్పుడో విస్తరించింది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ‘ఎలా పేలిందో తెలుస్తుంది’ అన్నది ఉన్నదానికంటే పెద్ద మాట. తెల్ల మరుగుజ్జులన్నీ ఒకే తీరుగా పేలుతాయని తేలలేదు. ఆ అవధికి చేరకుండానే, జంటలోని మరో తెల్ల మరుగుజ్జు ప్రమేయంతో పేలేవీ ఉన్నాయని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. నేనైతే మీ వాక్యాన్ని ఇలా దిద్దుతాను: “పరారుణ కాంతిలో చూస్తే, తెల్ల మరుగుజ్జు నక్షత్రం ఎలా పేలి ఉంటుందో చెప్పే ఆధారాలు దొరుకుతాయి.”